ఎకరాలు లేనివాళ్ళ లెక్క

సౌర విద్యుత్తు ధర పడిపోయిన వేగం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. 2010 చివర్లో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో అందరికన్నా తక్కువకు పాడిన కంపెనీ యూనిట్‌కు 10 రూపాయల 95 పైసలు అడిగింది. అయిదేళ్ళు తిరిగేసరికి, 2015 నవంబరులో, కర్నూలు దగ్గరి గని పార్కు వేలంలో అదే యూనిట్ 4 రూపాయల 63 పైసలకు దిగింది. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా పార్కులో 2 రూపాయల 44 పైసలు. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే నాకు ఈ మూడు అంకెలు పాఠానికి బాగా పనికొచ్చాయి. బోర్డు మీద వరసగా రాసి, ఎందుకిలా తగ్గిందని పిల్లల్ని అడిగేదాన్ని. చైనాలో సోలార్ ప్లేట్ల తయారీ పెరిగిందని ఒకరు, తక్కువకు పాడినవాళ్ళకే పని దక్కే రివర్స్ వేలమని ఒకరు, వడ్డీలు తగ్గాయని ఇంకొకరు చెప్పేవాళ్ళు. అన్నీ నిజమే. వీటితోపాటు సోలార్ పార్కు అనే ఏర్పాటు కూడా ఒక కారణం. వేల ఎకరాల భూమిని ప్రభుత్వ సంస్థే ఒకచోట చేర్చి, రోడ్లు వేసి, సబ్‌స్టేషన్ కట్టి, హైటెన్షన్ లైను దగ్గరికి తెచ్చి పెడుతుంది. కంపెనీ వచ్చి ప్లేట్లు బిగించుకుని కరెంటు అమ్ముకోవచ్చు. భూమి తగాదా, లైను తగాదా తన నెత్తిన ఉండవు కాబట్టి అంత తక్కువకు పాడగలుగుతుంది.

ధర ఇలా తగ్గడం మంచిదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. బొగ్గు కాల్చడం తగ్గాలి. ఎండలు ముదురుతున్న కొద్దీ మొదట దెబ్బతినేది మా రాయలసీమ లాంటి చోట్లే. అయితే కంపెనీ నెత్తిన లేని ఆ భారం ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే నాకు ఒక పాఠం దొరికింది. అది మా ఊరికి దగ్గరలోనే, పావగడ తాలూకాలో.

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉంది. మ్యాపులో చూస్తే దానికి దాదాపు చుట్టూ ఆంధ్ర సరిహద్దే. ఇళ్ళలో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం. మా అమ్మ పుట్టిల్లు ఆ తాలూకాలోదే. ఇటు అనంతపురం వైపు ఎంత కరువో అటూ అంతే. వాన మీద ఆధారపడిన వేరుశనగ, ఎండిపోయిన బోర్లు, బెంగుళూరుకు వలస. 2015లో కర్ణాటక ప్రభుత్వం, కేంద్రంలోని సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ కలిసి ఒక సంస్థ పెట్టి, తిరుమణి, వళ్ళూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అనే అయిదు ఊళ్ళలో 13,000 ఎకరాలు చేర్చాయి. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 ఆఖరుకు 2,050 మెగావాట్ల పార్కు తయారైంది. అప్పటికి ప్రపంచంలోని అతి పెద్ద సోలార్ పార్కుల్లో అదొకటి.

అక్కడి అసలు కొత్తదనం నాకు ప్లేట్లలో కంటే ఒప్పందంలో కనిపించింది. భూమి కొనలేదు, సేకరించలేదు. గుత్తకు తీసుకున్నారు. 28 ఏళ్ళ గుత్త, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. భూమి పోగొట్టుకున్నవాళ్ళ బాధ తెలిసిన ఎవరికైనా ఇది పెద్ద మెరుగుదలే. మా వైపు నంబులపూలకుంటలో పార్కు కోసం భూమి తీసుకున్నప్పుడు పరిహారం ఎవరికి, ఎంత అన్న పేచీ చాలాకాలం నడిచింది. సొంత పట్టా ఉన్న రైతు ఒక వరస, ప్రభుత్వం ఇచ్చిన డి.కె.టి. పట్టా ఉన్న రైతు ఇంకో వరస. శివాయి జమా కింద తాత నాటి నుంచి దున్నుకుంటున్నా కాగితం లేని రైతు ఏ వరసా కాదు. గుత్త పద్ధతిలో కనీసం భూమి తరతరాలకూ పోదు.

మా మామ కూడా గుత్తకిచ్చాడు. అయిదెకరాలకు ఏడాదికి లక్షా అయిదు వేలు.

"మూడు బోర్లేస్తే మూడూ ఎండిపాయ పాపా. ఈ దుడ్డు రాకుంటే బెంగుళూరు పోయి ఏ బిల్డింగుకాడో వాచ్‌మన్‌గా కూసోనుంటాంటి" అన్నాడు. బోర్ల కోసం తెచ్చిన అప్పు తీరింది. కొడుకు చదువు సాగింది. ఆయనకు జరిగిన మేలును నేను తక్కువ చేసి చూపను.

ఒక్క లెక్క మాత్రం ఆయనకు వేసి చూపించాను. రెండేళ్ళకు 5 శాతం అంటే, ఇరవై ఏడో ఏడు వచ్చేసరికి ఎకరా గుత్త 39,600 రూపాయల దగ్గరికి చేరుతుంది. ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరుగుతాయనుకుంటే ఆ డబ్బుకు మొదటి ఏటి విలువ సుమారు 11,000 రూపాయలు. అంటే దాదాపు సగం. మామ కాసేపు కాగితం వైపు చూసి, "అప్పటికి నేనుంటే కదా" అన్నాడు. అప్పటికి ఆయన మనవడు ఉంటాడు. 28 ఏళ్ళ ఒప్పందాన్ని వయసు మళ్ళిన పట్టాదారుతో మాట్లాడి ఖాయం చేసుకోవడం ఎంతవరకు సరి అన్నది నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న. అయినా ఇది రెండో ప్రశ్నే. మొదటిది నాకు మామ ఇంట్లో ఎదురుకాలేదు.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఒక సంస్థ తరఫున ఈ పావగడ పార్కు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటి సర్వేకు పోయింది. పార్కు వల్ల జనం బతుకుల్లో వచ్చిన మార్పు తెలుసుకోవడానికే ఆ సర్వే. సాయంత్రం మా ఇంటికి వచ్చి ఫారం చూపించింది. ఇంటి యజమాని పేరు తర్వాత ప్రశ్న: పార్కుకు ఎన్ని ఎకరాలు ఇచ్చారు? "ఇవ్వలేదు" అని రాస్తే నేరుగా చివరి పేజీకి పొమ్మని సూచన. చివరి పేజీలో సంతకమో వేలిముద్రో.

"ఎస్సీ కాలనీలో ఒక్కో ఫారం రెండు నిమిషాల్లో అయిపోయింది మేడమ్. రోజుకు ఇన్ని ఇళ్ళని టార్గెట్ ఉంది కదా, మా వాళ్ళందరూ అక్కడికే పోదామన్నారు" అంది.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. తర్వాత ఆ అమ్మాయితో కలిసి ఆ కాలనీకి పోయాను. ఫారం పట్టుకుని కాదు, ఊరికే మాట్లాడదామని. గడపలో కూర్చుని ఒక నడివయసు ఆమె తన ఏడాది ఎలా గడిచేదో చెప్పింది. ఎండాకాలంలో రైతులు మూటలతో విత్తనపు కాయలు తెచ్చిస్తే ఇంటి దగ్గరే ఒలిచి ఇచ్చేది. వాన పడితే విత్తనం. తర్వాత రెండు మాట్లు కలుపు. చెట్టు పీకే కాలం, కాయ కోసే కాలం. కాయ కోసినందుకు కూలిలో కొంత కాయగానే వచ్చేది, ఇంట్లో నూనెకూ చట్నీకీ అదే. సాళ్ళ మధ్య వేసిన అనుములు, అలసందలు, కందులు ఏరుకుంటే కొన్నాళ్ళు పప్పుకు ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పుడు అన్నీ అంగట్లో కొనాల్సిందే. పార్కు కట్టేటప్పుడు కొన్నాళ్ళు గుంతలు తవ్వే పని, రాళ్ళు ఏరే పని దొరికింది. కట్టడం అయిపోయాక దాదాపు ఏమీ లేదు. కొందరు ఆడవాళ్ళకు ప్లేట్ల కింద గడ్డి కోసే పని, ప్లేట్లు కడిగే పని దొరికింది. ఆమె కూతురు హిందూపురం గార్మెంట్స్‌కు పోతోంది.

కరువు ఏళ్ళలో అసలు పనే ఉండేది కాదు కదా అని అడిగాను. పార్కు కావాలనేవాళ్ళు చెప్పే మాట అది, నాకూ సబబుగానే తోచేది.

"అట్లెందుకు మేడమ్? వాన మోసం చేసేది విత్తనమేసినాక గదా. అప్పటికి విత్తనం కూలి వచ్చేసి ఉంటుంది, ఒక కలుపు కూలి వచ్చేసి ఉంటుంది. పంట పోతే నష్టం ఆయప్పది. మా కూలి మాకు పడిపోయుండేది."

ఇన్నేళ్ళు ఎకనామిక్స్ చెప్పిన నాకు అంత సూటిగా ఎవరూ జమాఖర్చు చెప్పలేదు. మెట్ట సేద్యం నష్టమని మేం లెక్క వేసేటప్పుడు కూలి ఖర్చును రైతు ఖర్చు పద్దులో రాస్తాం. ఆ ఖర్చు ఆమెకు ఆదాయం. రైతుకు ఏమీ మిగల్చని ఎకరం కూడా ఆమెకు ఏటా కొన్ని వారాల తిండి పెట్టింది. ఆ ఎకరాన్ని గుత్తకిస్తే నష్టం పోయి 21,000 రూపాయలు మిగులుతున్నాయని అంటున్నాం. ఆ మిగులులో ఆమె కూలి కూడా కలిసే ఉంది. రైతుకు ఆదా అయిన ఖర్చుగా అది ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మారింది. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ మోసం చెయ్యలేదు. ఒప్పందంలో ఆమె పేరు లేదు, అంతే.

2013 నాటి భూసేకరణ చట్టం తీసి మళ్ళీ చదివాను. అందులో సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేశారు. గ్రామసభలో బహిరంగ విచారణ జరగాలి. "ప్రభావిత కుటుంబం" అంటే భూమి ఉన్న కుటుంబమే అనుకోకుండా, అంతకు ముందు మూడేళ్ళుగా అక్కడ పనిచేస్తూ దాని మీదే బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్ళు కూడా అని చట్టమే చెప్పింది. చాలా ఉద్యమాల తర్వాత, చాలా కన్నీళ్ళ తర్వాత వచ్చిన వాక్యం అది. కానీ అది సేకరణకు వర్తించే చట్టం. గుత్త సేకరణ కాదు. ఇద్దరు ఇష్టపడి రాసుకున్న ఒప్పందం. కాబట్టి ఆ అంచనా జరగాల్సిన పని లేదు. ఇక పర్యావరణ అనుమతి సంగతి చూస్తే, సోలార్ ప్లాంట్లకూ గాలిమరలకూ 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వర్తించదు. పొగ రాదు కాబట్టి మినహాయింపు. పొగ రాని మాట నిజమే, కానీ ఆ అనుమతి ప్రక్రియలో భాగంగా జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కూడా దాంతోపాటే పోయింది. ఈ రెండు దారులూ మూసుకుపోయాక ఆ గడపలో కూర్చున్న ఆమెను ఎవరైనా వచ్చి అడగాల్సిన సందర్భం ఎక్కడా మిగల్లేదు. పట్టాదారుకు మేలు చేసే పద్ధతే కూలి మనిషికి తలుపు మూసింది. ఈ రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

డబ్బు లేక ఇలా జరిగిందా అని చూద్దామని ఇంకో లెక్క వేశాను. 2,050 మెగావాట్ల పార్కు ఏడాది పొడుగునా తన సామర్థ్యంలో అయిదో వంతుకు కాస్త ఎక్కువగా పనిచేస్తుందనుకున్నా ఏటా 400 కోట్ల యూనిట్ల దాకా కరెంటు వస్తుంది. 13,000 ఎకరాలకు మొదటి ఏటి గుత్త 27 కోట్ల 30 లక్షలు. అంటే ఒక్కో యూనిట్‌లో భూమికి ముట్టేది ఏడు పైసల లోపు. కూలీలకు, గొర్రెల మేపరులకు ఇంకొక్క పైసా పక్కన పెట్టి ఉంటే ఏడాదికి 4 కోట్ల రూపాయలు. అయిదు ఊళ్ళకు. ఆ ఒక్క పైసా వల్ల బెంగుళూరులో ఎవరి కరెంటు బిల్లూ పెరిగినట్టు కూడా తెలిసేది కాదు. నాకు ఈ అంకె కనిపించిన రోజున కోపం కంటే బాధ ఎక్కువ కలిగింది. అంత చిన్న మొత్తంతో అయ్యే పని జరగలేదంటే, వద్దని ఎవరూ అనుకుని ఉండరు. ఆ సంగతి అడిగే చోటే ఎక్కడా లేదు.

మేపరుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అనంతపురం జిల్లా గొర్రెల జిల్లా. కురుబలు, గొల్లలు తరాలుగా మందలు తోలుకుని బతుకుతున్నారు. వేసవిలో కోత అయిపోయిన పొలాలన్నీ వాళ్ళకు మేతబీళ్ళే, పట్టా ఎవరిదైనా సరే. రాత్రిపూట మందను పొలంలో నిలిపితే ఎరువు కోసం రైతే ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఏ రిజిస్టరులోనూ లేదు. వేల ఎకరాలకు ఒకే కంచె పడితే మేత పోతుంది, మంద కట్టినందుకు వచ్చే రాబడి పోతుంది. ఇంకో ఊరి బీడుకు పోవాలంటే కంచె చుట్టూ మైళ్ళు తిరగాలి. మధ్యలో ఉన్న వంక, కుంట కంచె లోపల ఉండిపోతే నీళ్ళూ అందవు.

ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఏమిటంటే, ఈ కష్టం తప్పనిసరి కాదు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, యూరపులో చాలామంది సోలార్ ప్లాంట్ల యజమానులు గొర్రెల కాపరుల్ని మందలతో లోపలికి రమ్మంటున్నారు, కొన్ని చోట్ల ఎదురు డబ్బు కూడా ఇస్తున్నారు. ప్లేట్ల కింద గడ్డి పెరిగితే నీడ పడుతుంది, ఎండితే మంటల భయం. మిషన్‌తో కోయించడం కన్నా గొర్రెలతో మేపించడమే చవక. మేకలైతే ఎక్కుతాయి, వైర్లు కొరుకుతాయి కాబట్టి వాటిని రానివ్వరు. మన దగ్గర గొర్రెలున్నాయి, గడ్డి ఉంది, ప్లేట్లున్నాయి, గడ్డి కోయించడానికి కంపెనీ పెట్టే ఖర్చూ ఉంది. కావాల్సింది కంచెకు ఒక గేటు, వైర్లకు పైపు తొడుగు, మేపరుల సంఘంతో ఒక ఒప్పందం. ప్లేట్లను ఎంత ఎత్తున బిగించాలి, కేబుళ్ళు ఎలా వెయ్యాలి, గేట్లు ఎక్కడ పెట్టాలి అన్నవి ఇంజనీరు డ్రాయింగ్ గీసే రోజున తేలిపోయే విషయాలు. కట్టడం అయిపోయాక వచ్చి సర్వే చేస్తే గొర్రెలవాడికి మేత పోయిందని నివేదికలో రాయగలం, అంతే. డ్రాయింగ్ బల్ల మీద ఉన్నప్పుడు అతన్ని పిలిచి అడిగితే గేటు పెట్టగలం.

పావగడ పార్కు రాకముందే, ఊళ్ళవాళ్ళను అడగకపోతే ఏమవుతుందో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకసారి తేలింది. చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం మండలాల మధ్య కొండల్లో కల్పవల్లి అనే అడవి ఉంది. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కాపలా కాసి, మంటలు ఆర్పి, మట్టికట్టలు వేసి, బోడికొండల మీద మళ్ళీ పచ్చదనం తెచ్చుకున్నారు. ఈతచెట్లు, బోదగడ్డి, మేత, తోడేళ్ళు కూడా తిరిగి వచ్చాయి. రెవెన్యూ కాగితాల్లో మాత్రం అది బంజరుగానే మిగిలింది. ఆ కొండల మీద 50.4 మెగావాట్ల నల్లకొండ గాలిమరల ప్రాజెక్టు వచ్చింది. మరలు ఎక్కించడానికి కొండల్ని తొలిచి వెడల్పాటి రోడ్లు వేశారు. మట్టి జారి వంకల్లోకి దిగింది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ప్రాజెక్టు తలపెట్టినవాళ్ళు కాగితం చూశారు, ఖాళీ కొండ అనుకున్నారు. దేశంలోని బంజరు భూముల అట్లాసు తయారయ్యేది మన హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌లోనే. ఉపగ్రహం తీసిన చిత్రంలో పొదలు కనిపిస్తాయి, రాళ్ళు కనిపిస్తాయి. ఏ ఊరి మంద ఏ నెలలో అక్కడికి వస్తుందో కనిపించదు. అది తెలియాలంటే ఆ ఊరికి పోయి అడగాలి.

మళ్ళీ పావగడకు వస్తే, ప్లేట్లు కడిగే పనిలో ఇంకో చిక్కు వచ్చింది. నీళ్ళు కరువైన చోట నీళ్ళు పోసి కడగడం మంచిది కాదని ఇప్పుడు నీళ్ళు లేకుండా తుడిచే రోబోలు వస్తున్నాయి. నీటి కోణంలో చూస్తే నేను వాటిని వద్దనలేను. కానీ ఆ కాలనీ ఆడవాళ్ళకు పార్కులో దొరికిన కొద్దిపాటి పనిలో ఒకటి అదే. మిషన్ వచ్చేముందు ఆ పని చేసేవాళ్ళకు మిషన్ నడపడమో బాగుచెయ్యడమో నేర్పాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే బాగుండును.

మిషన్ల మాట వస్తే సింగరేణి బొగ్గు గనులు గుర్తొస్తాయి నాకు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న అక్కడి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు, పెద్ద మిషన్లు రావడం దానికి ముఖ్య కారణం. ఆ మార్పు ఎన్నో కుటుంబాల్ని కుదిపింది. అయినా అక్కడ యూనియన్లున్నాయి, హాజరు పట్టీలున్నాయి, వారసత్వ ఉద్యోగాల గురించి ప్రతి ఎన్నికలోనూ మాట్లాడక తప్పని పరిస్థితి ఉంది. బొగ్గు నుంచి దేశం పక్కకు జరిగేకొద్దీ వాళ్ళకు ఏం చెయ్యాలన్న చర్చ ఇప్పటికే మొదలైంది, ఇంకా పెరగాలి. వేరుశనగ చేలో కలుపు తీసిన ఆమెకు ఏ హాజరు పట్టీ లేదు. ఆమె ఎవరి దగ్గరా ఉద్యోగి కాదు కాబట్టి ఆమె ఉద్యోగం పోయిందని కూడా ఎవరూ అనరు.

చిన్న ప్లాంట్లు అన్నిటికీ మందని చెప్పేవాళ్ళున్నారు. తెలంగాణలో ఒకే పెద్ద పార్కు బదులు జిల్లాల్లోని సబ్‌స్టేషన్ల దగ్గర చిన్న చిన్న ప్లాంట్లు పెట్టించారు. ఒకే ఊరి మీద భారం పడకపోవడం మంచిదే, అయినా భూమి అమ్మిన రైతు అమ్మినట్టే, కూలి పోయినవాళ్ళకు పోయినట్టే. నాకు ఎక్కువ ఆశ కలిగించింది గుజరాత్‌లో ఖేడా జిల్లాలోని ధుండి. 2016లో అక్కడ కొందరు రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. పంపుకు అవసరం లేనప్పుడు మిగిలిన కరెంటును సంఘం ద్వారా విద్యుత్ సంస్థకు అమ్ముకుంటారు. పొలం పొలంగానే ఉంది, సేద్యం ఆగలేదు, కాబట్టి కూలి కూడా ఆగలేదు. నీళ్ళు తోడకుండా ఆపితే డబ్బు వస్తుంది కాబట్టి భూగర్భ జలానికీ కాస్త ఊరట. అక్కడ వాడింది పావగడలో వాడినటువంటి ప్లేట్లే. యజమాని ఎవరు, సైజు ఎంత, లైను ఎటు పోతుంది అన్న మూడు నిర్ణయాలు వేరు కావడంతో చుట్టూ ఉన్న మనుషుల బతుకులు వేరే దారి పట్టాయి. దేశానికి కావాల్సిన కరెంటంతా ధుండి పద్ధతిలో రాదు, అది నాకు తెలుసు. పెద్ద పార్కులు ఉంటాయి. అందుకే పెద్ద పార్కులో ఏం చెయ్యవచ్చన్నదే నాకు ముఖ్యం.

భూమి లేనివాళ్ళను ఎలా గుర్తిస్తాం, ఎవరు పడితే వాళ్ళు వచ్చి నేనూ కూలినే అంటారు కదా అని ఒక అధికారి నాతో వాదించారు. మంచి మనిషే, నిజాయితీగానే అడిగారు. నేను ఆలోచించి చూస్తే ఆ పేర్లన్నీ ఇప్పటికే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. ఉపాధి హామీ జాబ్ కార్డుల్లో ప్రతి ఊరి కూలీ కుటుంబం పేరూ, వాళ్ళు ఏ నెలలో ఎన్ని రోజులు పనికి వచ్చారన్న వివరమూ ఉంది. గొర్రెలకు టీకాలు వేసే పశుసంవర్ధక శాఖ సిబ్బందికి ఎవరి మంద ఎంతో తెలుసు. గొర్రెల పెంపకందార్ల సహకార సంఘాలకు సభ్యుల జాబితాలున్నాయి. కాగితం లేకుండా దున్నుకుంటున్నవాళ్ళ పేర్లు వి.ఆర్.ఓ. నోటి చివరే ఉంటాయి. ఈ జాబితాలన్నీ గ్రామసభలో చదివి వినిపిస్తే, తప్పుడు పేరు ఉంటే ఊరే చెబుతుంది. ఇంట్లో పట్టా ఎవరి పేరున ఉన్నా గుత్త డబ్బు భార్యాభర్తలిద్దరి ఖాతాలో పడాలని కూడా అదే సభలో నిర్ణయించవచ్చు. మా అత్తకు మామ గుత్త డబ్బు ఎంత వస్తుందో తెలుసు కానీ, బ్యాంకు పుస్తకం ఆమె ఎన్నడూ చూడలేదు. సేద్యం ఉన్న రోజుల్లో అనుములు అమ్మిన డబ్బు ఆమె చేతిలో ఉండేది.

ఇదంతా ఎప్పుడు చెయ్యాలన్న దగ్గరే అసలు విషయం ఉంది. కరెంటు కొనుగోలు ఒప్పందం మీద సంతకం అయ్యాక యూనిట్ ధర మామూలుగా 25 ఏళ్ళు కదలదు. 2 రూపాయల 44 పైసలకు పాడిన కంపెనీని తర్వాత పిలిచి ఇంకో పైసా కూలీలకు ఇవ్వమంటే, నా లెక్కలో అది లేదంటుంది. న్యాయంగా చూస్తే ఆ మాట తప్పు కాదు. అదే పైసా టెండర్ పత్రంలో ముందే ఉంటే, మేపరుల గేటు డ్రాయింగులో ముందే ఉంటే, పాడే కంపెనీలన్నీ దాన్ని కలుపుకునే పాడతాయి. ఎవరికీ అన్యాయం జరగదు. ఎవరూ పోటీలో వెనకబడరు. ఒక కంపెనీ మంచితనం మీద ఆధారపడాల్సిన పనీ ఉండదు.

రాయలసీమలో ఇప్పుడు సోలార్, గాలిమరలు, నీటిని పైకి తోడి నిల్వచేసే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల కోసం మళ్ళీ పెద్ద ఎత్తున భూములు చూస్తున్నారు. కొన్ని చోట్ల సర్వే రాళ్ళు పడ్డాయి, ఇంకా చాలా చోట్ల పడలేదు. రాళ్ళు పడని ఊళ్ళలో కంచె ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో, వంక లోపల ఉండాలో బయట ఉండాలో, కూలి పైసా ఎంతో ఇంకా ఎవరూ రాయలేదు. టెండర్ పత్రాలు తయారుచేసే సంస్థలు ఆ ఊళ్ళ గ్రామసభల్లో ముందుగా భూమి లేని ఇళ్ళవాళ్ళను మాట్లాడనిచ్చి, వాళ్ళు చెప్పినదాన్ని పత్రంలో ఒక షరతుగా చేర్చడానికి ఇంకా వ్యవధి ఉంది.